అంటడం, అంటుకోవడం

"అత్తా, అడ్హీజన్‌ని తెలుగులో ఏమంటారు?"

ఒక ఆదివారం పొద్దున్నే మా అన్నయ్య కూతురు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. ఏ ప్రోటీన్ ఏ ఉపరితలాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో సూక్ష్మదర్శినితో కొలవడం తన పని. వచ్చే నెల ఊరికి వస్తోందని తెలిసి, తను చదువుకున్న హైస్కూలు మాస్టార్లు ఆ పని గురించి పిల్లలకు ఓ గంట చెప్పమన్నారట. పుస్తకాల్లో వెతికితే రెండు మాటలు దొరికాయి: ఆసంజనం, అధిశోషణం. "ఈ రెండూ పట్టుకుని ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడలేనత్తా" అంది.

"అంటు అను."

"అంటు అంటే అంట్లు కదా!"

అంట్లే. ఫోన్ పెట్టేశాను గానీ ఆ మాట రోజంతా నన్ను అంటిపెట్టుకునే ఉంది.

ముందు పుస్తకాల మాటల సంగతి చూద్దాం. ఆసంజనం తప్పు మాటేమీ కాదు. సంస్కృతంలో 'సంజ్' ధాతువుకు అంటుకోవడం అనే అర్థం. సంగం, ప్రసంగం, ప్రసక్తి, ఆసక్తి అన్నీ దాని సంతానమే. ఒక విషయం మీద ఆసక్తి కలిగిందంటే మనసు వెళ్లి దానికి అంటుకుందన్నమాట. నిస్సంగుడంటే ఏదీ అంటనివాడు. లాటిన్‌లోనూ ఇలాంటి కథే ఉంది. 'హేరేరే' అంటే అంటుకోవడం. ఇంగ్లీషు 'అడ్హీజన్' అక్కడిదే, తటపటాయించడాన్ని చెప్పే 'హెసిటేట్' కూడా అక్కడిదే. భయపడ్డప్పుడు నాలుక అంటుకుపోయింది అని మనం అంటామే, అదే ఊహ. కాబట్టి ఆసంజనానికి వంశగౌరవం ఉంది. కానీ మొదటి అక్షరం దీర్ఘం జారిందంటే అర్థం తలకిందులవుతుంది. 'అసంజనం' అంటే అంటుకోకపోవడం. ఒక్క దీర్ఘం మీద నిలబడ్డ మాటను పరీక్ష రాసే పిల్లల చేతికివ్వడానికి నాకు మనసొప్పదు.

అధిశోషణంతో నా తగాదా ఇంకా పెద్దది. దాని వెనకున్న ఇంగ్లీషు మాట 'అడ్సార్ప్షన్'ను 1881లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త హైన్రిష్ కైజర్ ప్రవేశపెట్టాడు. వాయువులు ఘనపదార్థాల లోపలికి ఇంకకుండా పైపైన పేరుకుంటాయి కదా, దాన్ని చెప్పడానికి. లోపలికి పీల్చుకోవడం వేరు, పైన నిలబెట్టుకోవడం వేరు అని ఒకే ఒక్క అక్షరం మార్చి చెప్పాడు. ముచ్చటైన పని. మనవాళ్లు దాన్ని తెలుగు చేసేటప్పుడు 'శోషణం' తీసుకున్నారు. శోషణమంటే ఎండిపోవడం, ఆరిపోవడం. సొమ్మసిల్లి పడిపోయేటప్పుడు శోష వచ్చిందంటామే, ఆ శోష. కానీ ప్రోటీన్ వెళ్లి గాజుకో లోహానికో అంటుకునేది నీళ్లలో, రక్తంలో, పాలలో. ఎండడమనేదే లేని చోట జరిగే పనికి ఎండటమని పేరు పెట్టుకున్నాం. పిల్లవాడు మూలం చూసుకుని అర్థం చేసుకోబోతే దారి తప్పుతాడు.

అంటుకు ఆ ప్రమాదం లేదు. అది ఇంట్లో మాట.

బ్రౌన్ నిఘంటువు తెరిస్తే అంటు అనే క్రియకు తాకడం, అతుక్కోవడం రెండూ కనిపిస్తాయి. పక్క భాషల్లో చూస్తే ఈ రెండు అర్థాలూ ఎలా పరుచుకున్నాయో తెలుస్తుంది. తమిళంలో 'అండు' అంటే దగ్గరికి చేరడం. 'అండై' అంటే పొరుగు. మన 'అండ' కూడా ఆ ఇంటిదేనని నాకనిపిస్తుంది. దగ్గర నిలబడ్డవాడే కదా అండ. కన్నడంలో 'అంటు' అంటే అతుక్కోవడం, ఏకంగా జిగురు కూడా. బంకతో చేసే ఉండల్ని వాళ్లు 'అంటిన ఉండె' అంటారు, బాలింతలకు పెడతారు. తమిళుడు చేరువకు వచ్చి ఆగాడు, కన్నడిగుడు జిగురు దాకా వెళ్లాడు, తెలుగువాడు ఆ దారి పొడవునా ఒకే మాట పరిచాడు. (ఏమంటారు, అంటున్నాను అన్నప్పటి అంటు వేరు. అది 'అను' ధాతువు, రూపాలు కలిశాయంతే. కానీ "ఈ జిగురేమంటుంది?" అన్నప్పుడు జిగురు మాట్లాడుతోందో అతుక్కుంటోందో సందర్భాన్ని బట్టే తెలియాలి.)

తాకడం అనే చివర చూడండి: ధరలు ఆకాశాన్నంటాయి, రోదనలు మిన్నంటాయి. అతుక్కోవడం అనే చివర: పాలు అడుగంటాయి, డొక్కలు అంటుకుపోయాయి. మధ్యలో బోలెడంత సంసారం: తలంటు, అంటుమామిడి, అంటువ్యాధి, అంటకాగడం, దీపం అంటించడం. నిప్పు పుట్టించడానికి తాకే క్రియే కావాల్సి రావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. కోస్తాలో పొయ్యి అంటిస్తారు, తెలంగాణలో ముట్టిస్తారు. అక్కడా తాకడమే.

ఆ రెండు క్రియలు అప్పచెల్లెళ్లలా ఉంటాయి గానీ గుణాలు వేరు. ముట్టిందంటే చేరింది, అందింది, డబ్బు ముట్టజెబుతాం. పని అయ్యాక ముట్టడం వెళ్లిపోతుంది. అంటడం అలా వెళ్లిపోదు, ఏదో ఒకటి వదిలిపెట్టి పోతుంది. 'అంటీ ముట్టనట్టు' అన్నప్పుడు తెలుగువాడు ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పడం లేదు. తాకనూ లేదు, తాకినా ఏమీ మిగల్లేదు అని రెండు సంగతులు చెబుతున్నాడు.

ఇక అంట్లు. తిన్న గిన్నెల్ని కోస్తాలో అంట్లంటాం. తెలంగాణలో బోళ్లు, బాసండ్లు, రాయలసీమలో బోకులు. మిగతా మాటలన్నీ పాత్రకు పేర్లు. అంట్లు ఒక్కటే, పాత్రను పక్కనపెట్టి దానికి అంటుకున్నదాన్ని పట్టుకుని పేరు పెట్టింది. మా అమ్మ పాలగిన్నెను ఎప్పుడూ విడిగా నానబెట్టేది. నెయ్యి గిన్నె వేడినీళ్లకు లొంగుతుంది, చారు గిన్నె చన్నీళ్లకే లొంగుతుంది, పాలగిన్నె అడుగు మాత్రం గోటితో గీకినా రాదు. పాలు సుమారు 70 డిగ్రీలు దాటాక అందులోని బీటా-లాక్టోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ మడతలు విప్పుకోవడం మొదలవుతుంది. లోపల దాచుకున్న జిడ్డు ముఖాలు బయటపడతాయి. అవి ఒకదాన్నొకటి, వేడెక్కిన లోహాన్ని పట్టుకుంటాయి. పాలడైరీల్లో గొట్టాలకు ఈ పొర పేరుకుపోయి, దాన్ని కడగడానికే యంత్రాలు ఆపుకోవాల్సి వస్తుంది. అమ్మ పీచు, బూడిద పట్టుకుని పోరాడింది ఒక ప్రోటీన్ అంటుతోనే.

మేనకోడలు పని చూడాలనిపించి హైదరాబాదు వెళ్లాను.

సూక్ష్మదర్శిని అంటే కంటికి ఆనించి చూసేదనుకుని వెళ్లాను. అక్కడ కన్ను పెట్టే చోటే లేదు. బరువైన రాతి పలక మీద అరచేయంత లోహపు తల ఒకటి కూర్చుని ఉంది. గదిలో ఎవరైనా అడుగు గట్టిగా వేస్తే తెర మీద గీత వణుకుతోంది. "ఇది చూడదత్తా, తడుముతుంది" అంది. చీకట్లో గోడ తడుముకుంటూ మీట వెతికినట్టు. దాని పేరు అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్. గెర్డ్ బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టోఫ్ గెర్బర్ 1986లో దీన్ని లోకానికి చూపించారు. మొదటిదాంట్లో సన్నటి బంగారు రేకు చివర చిన్న వజ్రపు ముక్కను జిగురుతో అంటించి, ఆ వజ్రంతో ఉపరితలాన్ని తడిమారు. బంగారానికి వజ్రం అతికించే పని మన కంసాలులకూ తెలిసిందే. ఆ ముక్కు పుడక అణువుల్ని తడమడానికి పనికొస్తుందని మాత్రం వీళ్లకు తట్టింది.

ఇప్పుడు వాడేది సిలికాన్ నైట్రైడ్ రేకు. పొడవు మిల్లీమీటరులో పదోవంతో ఐదోవంతో. దాని చివర కింది వైపు ఒక మొన. మొన కొస కొన్ని పదుల నానోమీటర్లకు మించదు. రేకు వీపు మీద లేజర్ కాంతి పడి, అద్దం మీద ఎండ పడి గోడ మీద ఆడినట్టు, ఒక గ్రాహకం మీద ఆడుతుంది. రేకు ఒక్క నానోమీటరు వంగినా ఆ వెలుగుచుక్క జరుగుతుంది. రేకు ఎంత బిరుసో ముందే కొలిచి పెట్టుకుంటారు. దానికి వాడే ఉపాయం నాకు భలే నచ్చింది: నీళ్లలో ఊరికే వదిలేసినా రేకు వేడికి అణువుల తాకిడి తింటూ వణుకుతూనే ఉంటుంది, ఎంత వణుకుతుందో చూసి ఎంత బిరుసో లెక్కగడతారు. ఆ బిరుసు మీటరుకు 0.05 న్యూటన్లనుకోండి, రేకు 10 నానోమీటర్లు వంగితే లాగిన బలం 500 పికోన్యూటన్లు. పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్ల వంతు.

ఇక్కడే నా మాట నా కళ్ల ముందు మూడు ముక్కలుగా విడిపోయింది.

మొదటిది అంటించడం. ముందు మొనకు ప్రోటీన్‌ను అంటించాలి. అంటించకుండా అంటును కొలవలేం. ఆ అంటింపు కొలవబోయే అంటుకన్నా గట్టిదై ఉండాలి, లేకపోతే లాగినప్పుడు ఏది ఊడిందో తెలియదు. అందుకే అక్కడ రసాయన బంధంతో, పొడవాటి దారంలాంటి అణువు చివర ప్రోటీన్‌ను కడతారు. అలాంటి బంధం తెగాలంటే వెయ్యి పికోన్యూటన్లకు పైనే కావాలి.

రెండోది అంటడం. మొన నెమ్మదిగా దిగుతుంది. తెర మీద గీత తిన్నగా సాగుతూ ఉంటుంది, ఏమీ జరగనట్టే. ఉపరితలం తగలగానే గీత పైకి తిరుగుతుంది. తాకింది. కాసేపు, ఒక సెకనో రెండో, అలాగే ఆనించి ఉంచుతారు.

మూడోది అంటుకోవడం. మొనను వెనక్కి తీస్తారు. తాకిన చోటు వచ్చినా గీత ఆగదు. ఇంకా కిందికి పోతుంది. అంటే రేకు వెనక్కి వస్తోంది గానీ మొన వదలడం లేదు, రేకు కిందికి వంగుతోంది. గీత గుంటలోకి దిగినట్టు దిగి, దిగి, ఉన్నట్టుండి తెగి మొదటి చోటికి ఎగిరి పడుతుంది. ఆ గుంట లోతే అంటు బలం.

వెళ్లేటప్పటి గీత ఒకటి, వచ్చేటప్పటి గీత ఒకటి. రెండూ ఒకదాని మీద ఒకటి పడవు. మొదటిది తాకడం సంగతి చెబుతుంది, రెండోది అతుక్కోవడం సంగతి. తెలుగులో ఆ తేడా 'కొను' చేస్తుంది. అంటు, అంటుకొను. కొను చేరితే పని చేసేవాడి వైపుకు తిరుగుతుంది: చూసుకొను, వండుకొను, ఉంచుకొను. అంటినది తాను తాకినదాన్ని తనదిగా ఉంచుకుంటే అంటుకోవడం. తెర మీద రెండు గీతల మధ్య ఉన్న ఆ గుంటే 'కొను' అనుకున్నాను. ఆ మాట పైకి అంటే మేనకోడలు నవ్వి, పెన్నుతో తన నోటుపుస్తకంలో రాసుకుంది.

ఒక్కసారి లాగి ఇంత అని చెప్పడానికి వీల్లేదు. వందలసార్లు దించి, వందలసార్లు లాగాలి. కొన్నిసార్లు ఏమీ అంటుకోదు, కొన్నిసార్లు రెండు మూడు అణువులు కలిసి అంటుకుంటాయి. అన్నీ కుప్పపోసి చూస్తే ఒక అంకె దగ్గర గుట్టగా పోగవుతాయి. మ్యూనిక్‌లో ఫ్లోరిన్, మోయ్, గౌబ్ 1994లో ఇలాగే కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే అవిడిన్ అనే ప్రోటీన్‌ను, బయోటిన్ అనే విటమిన్‌ను విడదీసి చూశారు. ఒక్క జతను ఊడదీయడానికి సుమారు 160 పికోన్యూటన్లు పట్టింది. ఒక ఆవగింజ బరువులో రెండు లక్షల వంతు! అవిడిన్ పేరులోనే ఆత్రం ఉంది. బయోటిన్ కోసం ఆత్రపడేది అని దానికా పేరు. పచ్చి తెల్లసొన అదేపనిగా తింటే ఒంట్లో బయోటిన్ లోపిస్తుంది. ఈ ప్రోటీన్ దాన్ని పట్టుకుని వదలకపోవడమే కారణం. ఉడికిస్తే దాని మడతలు చెడి పట్టు పోతుంది.

అయితే ఆ 160 శాశ్వతమైన అంకె కాదు. ఇది తెలుసుకున్నాక నాకు ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. ఈవాన్ ఎవాన్స్, కెన్ రిచీ 1997లో లెక్క కట్టి చూపించిందేమిటంటే, ఎంత వేగంగా లాగితే అంత ఎక్కువ బలం కావాలి. నెమ్మదిగా లాగితే, వేడికి అణువులు ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి కాబట్టి, ఆ వణుకులోనే బంధం దానంతటదే వదులవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ తర్వాత 1999లో ఇలాంటి జతనే రకరకాల వేగాలతో లాగి చూస్తే, విడిపోయే బలం 5 పికోన్యూటన్ల నుంచి 170 దాకా మారింది. ఒకే జత, ఒకే అంటు! కాబట్టి "ఎంత గట్టిగా అంటుకుంది?" అన్న ప్రశ్న సగం ప్రశ్నే. ఎంతసేపు అంటి ఉంది, ఎంత వేగంగా లాగుతున్నావు అని రెండు కలిపితేగాని నిండదు. ప్రోటీన్ల విషయంలో ఆ 'ఎంతసేపు' చాలా పెద్ద సంగతి. తాకిన క్షణాన ఒక మూల ఆనుతుంది. తర్వాత మెల్లగా ఒళ్లు వదిలి, మడత విప్పుకుని, చాప పరుచుకున్నట్టు ఉపరితలం మీద పరుచుకుంటుంది. చోట్లు పెరుగుతాయి, పట్టు పెరుగుతుంది. నానబెట్టడం ఆలస్యమైన పాలగిన్నె గుర్తొచ్చింది.

ఏ ఉపరితలానికి ఎక్కువ అంటుతుంది? నేను అద్దంలాంటి నున్నటి, నీళ్లు పరుచుకునే గాజుకేననుకున్నాను. తడికి తడి తోడని. తప్పు. నీటిబొట్టు పరుచుకోకుండా ముత్యంలా నిలబడే చోటే ప్రోటీన్ ఎక్కువ అంటుకుంటుంది. నీళ్లను ఇష్టపడే ఉపరితలానికి నీళ్లు ముందే అంటుకుని ఉంటాయి. ప్రోటీన్‌కు అక్కడ చోటు కావాలంటే ముందు నీళ్లను ఊడదీయాలి. నీళ్లు ఇష్టపడని చోట ఆ అడ్డు ఉండదు, పైగా ప్రోటీన్ దాచుకున్న జిడ్డు ముఖాలకు సరైన తోడు దొరుకుతుంది. బొట్టు ఉపరితలంతో చేసే కోణం సుమారు 60, 65 డిగ్రీలు దాటే దగ్గర ఈ మార్పు గట్టుమీంచి దిగినట్టు ఒక్కసారిగా కనిపిస్తుందని ఇలాంటి కొలతలే తేల్చాయి. తామరాకు మీద నీటిబొట్టు అని మనవాళ్లు వైరాగ్యానికి ఉపమానం చెబుతారు. నీటి సంగతి నిజమే. కానీ నీటికి అంటని ఉపరితలమే మరొకదానికి అంటడానికి అనువైన చోటవుతుంది. ఒకరికి అంటకపోవడం, ఎవరికీ అంటకపోవడం ఒకటి కాదు.

దీని అవసరం నేరుగా ఒంటికి సంబంధించింది. గుండె కవాటమో, రక్తనాళంలో పెట్టే స్టెంటో, రక్తశుద్ధి గొట్టమో, ఏదైనా సరే, రక్తానికి ఎదురైన మొదటి క్షణాల్లోనే దాని మీద ప్రోటీన్ పొర పడుతుంది. ఆ తర్వాత వచ్చే కణాలు చూసేది లోహాన్ని కాదు, ఆ పొరనే. ఫైబ్రినోజెన్ అంటుకుంటే రక్తఫలకికలు దాన్ని పట్టుకుంటాయి, గడ్డ కట్టడం మొదలవుతుంది. ఆ పొర కూడా నిలకడగా ఉండదు. ముందు అల్బుమిన్ లాంటి చిన్నవి, సంఖ్యలో ఎక్కువ ఉన్నవి వచ్చి కూర్చుంటాయి. తర్వాత వాటిని లేపి ఫైబ్రినోజెన్. దాన్నీ లేపి మరో పెద్ద ప్రోటీన్. దీనికి వ్రోమన్ ప్రభావం అని పేరు. లియో వ్రోమన్ 1915లో నెదర్లాండ్స్‌లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్ల చెరలో ఉండి, తర్వాత అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో రక్తం మీద పరిశోధన చేశాడు. డచ్ భాషలో పేరున్న కవి కూడా. బొమ్మలు వేసేవాడు. 98 ఏళ్లు బతికి 2014లో పోయాడు. ఏది ముందు అంటుకుంటుంది, ఏది ఎప్పుడు చోటు వదులుతుంది అని ఒక కవి రక్తంలో వెతకడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. మాటలు కూడా అలాగే ఒకదాన్ని లేపి ఒకటి కూర్చుంటాయి. మా నాయనమ్మ వాడిన 'పెచ్చు', 'దళసరి' లేచిపోయి వాటి చోట నా నోట 'లేయర్', 'థిక్' కూర్చున్నాయి.

నాయనమ్మ పేరెత్తాను కాబట్టి దాచకుండా చెప్పాలి. అంటు అనే మాటకు మనం చేసిన అపచారం ఒకటుంది. నాయనమ్మ మడి కట్టుకుంటే నేను ఆమడ దూరాన నిలబడాలి. తగిలితే మళ్లీ స్నానం. నా చేతి నుంచి ఆమె చీరకు ఏం వెళ్లిందో నాకు అర్థమయ్యేది కాదు. అది పిల్లల సంగతి, సర్దుకుపోయాం. మా పెరట్లో చూరుకింద ఒక కొబ్బరిచిప్ప దోపి ఉండేది. కోతలకొచ్చిన వాళ్లు దాన్ని తీసి పట్టుకుంటే పైనుంచి మజ్జిగ పోసేవారు. గిన్నె ఆ చిప్పకు తగలకుండా పోయడం ఒక నేర్పు. ఆ నేర్పు మా ఇంట్లో అందరికీ ఉండేది. అంటరానితనం అనే మాట బళ్లో చదివాను గానీ, ఆ చిప్పకు, మజ్జిగ ధారకు మధ్య ఉన్న బెత్తెడు జాగా అదేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

అంటితే అంటుకుంటుంది అన్నదే ఆ భయం, ఆ బెదిరింపు. ఒకరి స్పర్శలో ఏదో ఉంది, తగిలితే అది మిగులుతుంది, నీళ్లతో పోగొట్టుకోవాలి. మాటలో తాకడం, అతుక్కోవడం కలిసి ఉన్నాయి కదా అని మనుషుల మీద ఆ రెండింటినీ కలిపి రుద్దారు. భాష దాన్ని పుట్టించలేదు; పుట్టించినవాళ్లు భాషను వాడుకున్నారు. 1941లో జాషువా 'గబ్బిలం' రాసినప్పుడు, గుడిలోకి మనిషి వెళ్లలేడు, గబ్బిలం వెళ్లగలదు. 1950లో రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇప్పటికీ రెండు గ్లాసుల వార్త ఎక్కడో ఒకచోట నుంచి వస్తూనే ఉంది. తెర మీద ఆ రెండు గీతలు విడివిడిగా చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మా చూరుకింది చిప్పే. తాకడం ఒక గీత. మిగలడం వేరే గీత. ఏది మిగిలిందో కొలిచి చూపించమని మా పెరట్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు. నేనూ అడగలేదు.

అదే మాట కడియం తోటల్లో మరోలా వినిపిస్తుంది. అంటు కట్టడం, అంటు తొక్కడం, గాలి అంటు. టెంకమొక్క కాండానికి మంచి కొమ్మను కట్టి, గాలి తగలకుండా చుట్టి, రెండు కోతల ముఖాలు ఒకదాన్నొకటి ఆని ఉండేలా చూస్తారు. అక్కడ అంటు పట్టిందా లేదా అని చూసే పద్ధతి లాగడం కాదు. చిగురు కోసం చూస్తారు. అంటుకు ఇంత మంచి అర్థం ఇచ్చినవాళ్లు మట్టిలో చేతులు పెట్టినవాళ్లు.

నెల తర్వాత మేనకోడలు ఊరొచ్చింది. హైస్కూలుకు నేనూ వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. సూక్ష్మదర్శిని తేలేదు. అడుగు ప్లాస్టిక్ స్కేలు ఒకటి, బొట్టుబిళ్లల అట్ట ఒకటి తెచ్చింది. స్కేలు చివర కింది వైపు ఒక బొట్టుబిళ్లను, జిగురు ముఖం బయటికి ఉండేలా, దారంతో కట్టింది. రెండో చివర పట్టుకుని, బల్ల మీద పెట్టిన చిన్న అద్దానికి బిళ్లను ఆనించింది. "ఇప్పుడు అంటింది" అంది. నెమ్మదిగా పైకెత్తింది. స్కేలు విల్లులా కిందికి వంగింది. "ఇప్పుడు అంటుకుంది." ఇంకా ఎత్తింది. టప్‌మని ఊడి స్కేలు ఊగిపోయింది. పిల్లలు మాకివ్వండి, మాకివ్వండి అని మీదపడ్డారు. ఒకడు వేగంగా లాగాడు, స్కేలు ఎక్కువ వంగింది. ఒకమ్మాయి అతి నెమ్మదిగా ఎత్తింది, వంపు పెద్దగా లేకుండానే ఊడింది. నూనె రాసిన అద్దానికి అంటనేలేదు. 'ఆసంజనం' బోర్డు మీద ఒక మూల రాసి ఉంది, పరీక్ష కోసం. గంటంతా పిల్లల నోట నలిగింది 'అంటు' మాటే.

చివర్లో ముందు వరుసలో కూర్చున్న ఒక పిల్ల అద్దాన్ని ఎత్తి కిటికీ వెలుగుకు పట్టింది. బిళ్ల ఊడిన చోట సన్నటి గుండ్రటి మరక ఉంది.

"అక్కా, మరి ఇదేంటి? ఇది దేనికి అంటుకుని ఉన్నట్టు, బిళ్లకా, అద్దానికా?"

మేనకోడలు అద్దాన్ని చేతిలోకి తీసుకుంది. ప్రయోగశాలలో ప్రతిరోజూ లాగడం అయ్యాక మొనను చూసుకునేది ఇందుకేనని, ప్రోటీన్ మొనతో వచ్చిందో అక్కడే ఉండిపోయిందో తెలియకపోతే ఆ రోజు కొలిచినదంతా తీసి పక్కన పెట్టాల్సిందేనని చెప్పడం మొదలుపెట్టింది. బడి గంట కొట్టారు. ఆ పిల్ల లేవలేదు, మరక మీద వేలు పెట్టి చూసుకుంటోంది.